కుండలో నీళ్లు చల్లబడే ఊరు

ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చేతికొచ్చినా, అమ్మాయికి సంబంధం కుదిరినా, రిటైరయ్యాక ఎక్కడైనా చిన్న ఇల్లు చూసుకుందామనుకున్నా, మన ఇళ్లలో పుట్టే మొదటి నాలుగైదు ప్రశ్నల్లో ఒకటి ఇది: “అక్కడ క్లైమేట్ ఎలా ఉంటుంది?” జవాబులు కూడా ఎప్పుడో తయారై ఉన్నాయి. బెంగళూరు అయితే “అబ్బ, ఫ్యాన్ కూడా అక్కర్లేదు”. విజయవాడ అయితే “బెజవాడ కాదు, బ్లేజువాడ”. విశాఖ అయితే “సముద్రం ఉంది, అందం ఉంది, ఉక్క కూడా ఉంది”. హైదరాబాద్ అయితే “ఎండలు మండుతాయి గానీ, పొద్దుగూకితే చల్లబడుతుంది”.

ఈ చివరి జవాబులో ‘గానీ’ తర్వాత ఉన్న ముక్కలోనే అసలు సంగతి ఉంది. ఫలానా ఊళ్లో ఎండ ఎంత అంటే అందరూ మధ్యాహ్నం అంకె చెబుతారు. లోపల లెక్కేసుకునేది మాత్రం రాత్రి నిద్ర పడుతుందా లేదా అని. టీవీ స్క్రోలింగ్‌లో వచ్చే డిగ్రీలు వేరు, ఒంటికి తెలిసే డిగ్రీలు వేరు. రెండోవాటిని కొలవడానికి పెద్ద పరికరమేమీ అక్కర్లేదు, వేసవిలో వంటింటి మూల పెట్టుకునే మట్టికుండ చాలు. తెలంగాణలో చాలాచోట్ల దాన్నే రంజన్ అంటారు.

మట్టికుండకు కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. లోపలి నీరు వాటిగుండా ఊరి, కుండ ఒంటిమీద పల్చగా పరుచుకుని ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని లోపలి నీళ్ల నుంచే లాక్కుంటుంది. అందుకే కుండను ఇసుక మీద కూర్చోబెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి, గాలి తగిలేచోట ఉంచుతారు. ఏప్రిల్లో కర్నూలులోనో కరీంనగర్‌లోనో పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నం భోజనం వేళకు గొంతులో హాయిగా దిగేంత చల్లబడతాయి. అదే కుండను అదే నెలలో కాకినాడలో పెట్టి చూడండి. కుండ బయట చెమ్మగానే ఉంటుంది, కింద ఇసుకా తడిసే ఉంటుంది, నీళ్లలో మాత్రం ఆ చలవ రాదు. బయటి గాలి అప్పటికే నీటి ఆవిరితో నిండి ఉంటే కుండ మీది తడిని తీసుకెళ్లేవాడు ఎవడు?

మన ఒళ్లూ ఆ కుండ లాంటిదే. ఊరికే కూర్చున్న మనిషి శరీరం కూడా దాదాపు ఒక పాతకాలపు 100 వాట్ల బల్బంత వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. చర్మం ఉష్ణోగ్రత 35 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, గాలి అంతకంటే వేడెక్కితే ఆ వేడిని బయటకు పంపడానికి చెమట ఒక్కటే దారి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది. ఇక్కడ ‘పూర్తిగా ఆవిరైతే’ అన్న మాట ముఖ్యం. కారిపోయిన చెమట చొక్కాను తడుపుతుంది తప్ప ఒంటిని చల్లబరచదు. వైజాగ్‌లో చెమట ఎక్కువ పడుతుందనీ, హైదరాబాద్‌లో అసలు పట్టదనీ అంటుంటారు. రెండుచోట్లా పడుతుంది, ఒకచోట కనిపిస్తుంది, ఇంకోచోట కనిపించకముందే ఆరిపోతుంది. అందుకే పొడి ఊళ్లలో మనుషులు నీళ్లు తాగడం మర్చిపోయి వడదెబ్బ తెచ్చుకుంటారు.

వాతావరణ శాస్త్రంలో ఈ కుండ లెక్కకు వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అని పేరు. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి ఆడనిస్తే అది ఎంతవరకు దిగుతుందో అదే ఆ అంకె. రెండు ఉదాహరణలు వేసుకుందాం. మే నెల మధ్యాహ్నం, 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం: తెలంగాణ పల్లెల్లో మామూలు సంగతి. వెట్ బల్బ్ అంకె 24 దగ్గర తేలుతుంది. తీరంలో 34 డిగ్రీలు, తేమ 75 శాతం: వెట్ బల్బ్ 30. అంటే టీవీ లెక్కలో 8 డిగ్రీలు తక్కువున్న ఊరు, ఒంటి లెక్కలో 6 డిగ్రీలు ఎక్కువ. అయితే 42 డిగ్రీల ఊరు సుఖమని కాదు. నెత్తిన సూర్యుడు, ముఖాన వడగాలి వెట్ బల్బ్‌లో కనిపించవు. నీడన కూర్చుని, నీళ్లు తాగుతూ, గాలి తగిలేలా ఉంటే ఒళ్లు తట్టుకునే అవకాశం ఆ ఊళ్లో ఉంది. రెండో ఊళ్లో నీడన కూర్చున్నా లాభం తక్కువ.

ఈ వెట్ బల్బ్ అంకె 35కు చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటల్లో ప్రాణం మీదికి వస్తుందని 2010లో ఇద్దరు శాస్త్రవేత్తలు, షేర్‌వుడ్, హ్యూబర్ లెక్కగట్టారు. 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో యువకుల మీద చేసిన ప్రయోగాల్లో అంతవరకూ పోనక్కర్లేదని, తేమ గాలిలో 31 దాటేసరికే శరీరం లోపలి వేడి అదుపు తప్పడం మొదలవుతుందని తేలింది. పైన చెప్పిన తీరప్రాంతపు 30 అంకె ఆ గీతకు ఎంత దగ్గరలో ఉందో గమనించాలి.

డబ్బా కూలర్ కథ కూడా ఇంతే. గడ్డి తడకల మీద నీళ్లు కారుతుంటే ఫ్యాన్ గాలి లాగడం, అంతకు మించి దాన్లో యంత్రమేమీ లేదు. హైదరాబాద్‌లో ఏప్రిల్ రాగానే ఇళ్ల కిటికీలకు కూలర్లు వేలాడతాయి. తీరంలో ఆ కూలర్ వేస్తే గది ఇంకాస్త జిడ్డెక్కుతుంది. అక్కడ ఉంటే ఏసీ, లేకపోతే ఫ్యాన్ కింద దొర్లడం. ఏసీ కరెంటు బిల్లుకూ కూలర్ బిల్లుకూ ఉన్న తేడా చూస్తే, గాలి పొడిగా ఉండడం అనేది పేదవాడికి దొరికిన ఉచిత సబ్సిడీ అనిపిస్తుంది.

అయినా తీరంలో పుట్టి పెరిగినవాళ్లకు హైదరాబాద్ పొడిగాలి గిట్టదు. పెదాలు పగులుతాయి, మడమలు చీలుతాయి, ముక్కు లోపల ఎండిపోయి రక్తం చారలు కనిపిస్తాయి. “ఇదేం గాలమ్మా, ఒళ్లంతా పొట్టు లేస్తోంది” అని మొదటి చలికాలమంతా కొబ్బరినూనె రాసుకుంటూనే ఉంటారు. అటువైపు నుంచి విశాఖ వెళ్లినవాళ్ల బాధ వేరు: ఉతికిన బట్ట ఆరదు, డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది, అప్పడం ఇలా తీసేలోపు మెత్తబడుతుంది. రెండువారాలు వేడిలో తిరిగితే శరీరం ముందుగానే చెమట పట్టించడం, చెమటలో ఉప్పు తక్కువ పోనివ్వడం నేర్చుకుంటుంది. నాలుక మీది ఫిర్యాదు పోవడానికి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

సముద్రం పక్కనున్న ఊరికి ఇంకో తిరకాసుంది. పగలు నేల త్వరగా వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంటకు ఈ గాలి తిరిగితే తీరం బతికిపోతుంది. వేసవిలో కొన్ని రోజులు పడమటి గాలి బలంగా వీస్తుంది. దక్కను ఎండల్లో కాలి, కొండల మీదుగా కిందికి దిగుతూ ఇంకా వేడెక్కి వచ్చే గాలి అది. సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు. అలాంటి రోజుల్లో కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో 44, 45 డిగ్రీలు మండుతుంది. సముద్రం ఒడ్డున ఉండే మచిలీపట్నం కూడా కాలిపోతుంది. పల్నాడులోని రెంటచింతల పేరు ప్రతి వేసవిలో పేపర్లకెక్కడం వెనుక కూడా ఈ పడమటి గాలి చేయి ఉంది. అందుకే భారత వాతావరణ శాఖ వడగాడ్పులకు అన్నిచోట్లా ఒకే గీత గీయలేదు. మైదానాల్లో 40, తీరంలో 37, కొండ ప్రాంతాల్లో 30 దాటితేనే లెక్క మొదలవుతుంది, ఆ పైన మామూలు కంటే ఎంత పెరిగిందో చూస్తారు. అంటే సర్కారీ లెక్కల్లో కూడా ‘ఎండ’ అనేది ఊరి అలవాటును బట్టి మారే మాటే.

వాతావరణ శాఖ ‘వెచ్చని రాత్రి’ అనే హెచ్చరిక కూడా ఇస్తుంది. పగలు 40 దాటిన చోట, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత మామూలు కంటే 4.5 డిగ్రీలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ పేరు పెడతారు. పగటి ఎండకు అలిసిన గుండెకు రాత్రి కాస్త విశ్రాంతి దొరకాలి. దొరక్కపోతే రెండో రోజు ఎండ మొదటి రోజు కంటే గట్టిగా తగులుతుంది, మూడో రోజు మరీను. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు 3,000 మందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా పోయారు. ఎండన పడి పనిచేయక తప్పని కూలీలు, రేకుల కింద పడుకునే ముసలివాళ్లకే ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది. ‘నాకు ఏ క్లైమేట్ ఇష్టం’ అని తీరిగ్గా మాట్లాడుకోగలగడం కూడా ఒక స్థాయి ఉన్నవాళ్ల వ్యవహారమేనని ఇలాంటి అంకెలు చూసినప్పుడు గుర్తుకొస్తుంది.

పొడిగాలి ఊళ్లలో రాత్రి ఎందుకు చల్లబడుతుందంటే, నేల పగలంతా తాగిన వేడిని చీకటి పడ్డాక ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలిలో నీటి ఆవిరి తక్కువుంటే ఆ వేడి అడ్డూ ఆపూ లేకుండా పోతుంది. ఎక్కువుంటే దుప్పటి కప్పినట్టు కిందే నిలిచిపోతుంది. ఎత్తు తోడైతే ఇంకా మంచిది. సుమారు ప్రతి 150 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ తగ్గుతుందని లెక్క. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, మదనపల్లె సుమారు 700, బెంగళూరు 920, హార్స్‌లీ కొండ 1,260 పైచిలుకు. హార్స్‌లీ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీ వేసవి విడిదికి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఎండకు తాళలేని దొర ఒకడు కొండెక్కితే మల్లమ్మ పేరు పోయి ఆయన పేరు నిలిచింది.

ఇంత సులువుగా ఉంటే జనమంతా ఎత్తు ప్రదేశాల్లోనే ఉండాల్సింది. లేరు, ఎందుకంటే నీళ్లు కిందికి పారతాయి. చలువనిచ్చే ఎత్తే నీళ్లను దూరం చేస్తుంది. బెంగళూరుకు కావేరీ నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు తోడి పంపాలి. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, ‘ఫ్యాన్ అక్కర్లేని’ ఆ నగరంలోనే జనం ట్యాంకర్ల కోసం ఫోన్లు పట్టుకు కూర్చున్నారు. ఆ ఏప్రిల్లో ఫ్యాన్ ఒక్కటీ సరిపోలేదన్నది వేరే సంగతి. హైదరాబాద్‌కూ కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి రావాల్సిందే. అనంతపురం గాలి పొడిగా ఉంటుంది, సాయంత్రాలు బాగుంటాయి. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య మేఘాలు అంతదూరం వచ్చేసరికి ఖాళీ అవుతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో ఆ జిల్లా రైతు ఏ సాయంత్రపు గాలిని మెచ్చుకుంటాడు?

అటు డెల్టా చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఉక్కపోసే ఆ నేల మీదికి జనం కదిలారు గానీ, చల్లగా ఉంటుందని మన్యం కొండల మీదికి ఎవరూ వెళ్లలేదు. పైగా కొండలంటే భయం. ఈరోజు చలికాలంలో కార్లు బారులు తీరే అరకు, లంబసింగి ప్రాంతాలంటే ఒకప్పుడు మన్యపు జ్వరం, అంటే మలేరియా. లంబసింగికి స్థానికంగా కొర్రబయలు అనే పేరుంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. సెల్ఫీ దిగడానికి బాగుండే చలికీ, నెగడు పక్కన తెల్లవార్లూ గడపాల్సిన చలికీ ఉన్న తేడా ఆ పేరులోనే ఉంది.

ఒకప్పుడు క్లైమేట్‌ను మందుల చీటీ మీద రాసేవారు. క్షయకు మందులు లేని రోజుల్లో పొడిగాలి, చల్లటి రాత్రులు, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. మదనపల్లె దగ్గర 1915లో శానిటోరియం వెలిసింది అందుకే. ఆ చోటికి ఆరోగ్యవరం అనే పేరొచ్చింది. తెలంగాణలో వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల మీద నిజాం జమానాలో మరొకటి వచ్చింది. “వికారాబాద్ కా హవా, లాఖో మరీజోం కా దవా” అని హైదరాబాదీలు ఇప్పటికీ సరదాగా అంటుంటారు. 1940లలో స్ట్రెప్టోమైసిన్, తర్వాత ఐసోనియాజిడ్ వచ్చాయి. మద్రాసులో ఒక గట్టి పరీక్ష జరిగింది. కొందరు రోగులను శానిటోరియంలో ఉంచారు, కొందరిని వాళ్ల ఇళ్లలోనే, ఇరుకు గదుల్లో, అరకొర తిండితో, మద్రాసు ఉక్కలోనే ఉంచి, రెండు గుంపులకూ ఒకే మందులిచ్చారు. 1959లో ఫలితాలు ప్రచురించారు: ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. కొండగాలికి దశాబ్దాలుగా ఇచ్చిన మర్యాద మాత్రలకు బదిలీ అయింది. ఇప్పటికీ “అక్కడ గాలి మంచిదండీ, ఆరోగ్యానికి మంచిది” అనే మాట నలుగుతూనే ఉంది. ఆ మాట ఏ కాలం నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చిందో వినేవాళ్లకు తెలియదు, అంతే.

మరి ఒంటికి నిజంగా ఎంత వేడి హాయి? 2008 వేసవిలో మాధవి ఇంద్రగంటి అనే పరిశోధకురాలు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో నివసించేవారిని ఇళ్లకు వెళ్లి అడుగుతూ, గది ఉష్ణోగ్రతలు కొలిచారు. అప్పటి భారతీయ ప్రమాణాల్లో హాయి అని రాసిపెట్టింది 23 నుంచి 26 డిగ్రీలు. ఆ ఇళ్లలోని జనం హాయిగా ఉందన్న అంకె 29కి కాస్త పైన, సర్దుకోగలమన్నది 26 నుంచి 32 దాటేవరకూ. పుస్తకంలో హాయి ఎక్కడ ఆగిపోతుందో, హైదరాబాద్ ఇంట్లో అక్కడ మొదలవుతుందన్నమాట. కిటికీ తీస్తారు, ఫ్యాన్ పెంచుతారు, నేల తడిగుడ్డతో తుడుస్తారు, కాటన్ నైటీలు, లుంగీలు, బనియన్లు, మజ్జిగ. ఇవన్నీ కలిసి మూడు డిగ్రీల పని చేస్తాయి.

ఈ మూడు డిగ్రీలు ఏసీ వచ్చిన ఇంట్లో చాలా త్వరగా కరిగిపోతాయి. రోజుకు తొమ్మిది గంటలు 22 డిగ్రీల ఆఫీసులో కూర్చునే కుర్రాడికి ఇంటికొచ్చేసరికి 29 నరకంలా ఉంటుంది. వాడి తల్లి అదే గదిలో కొంగు కప్పుకుని “ఆ చలి పెట్టె ఆపరా” అంటుంది. కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి కేంద్రం నిబంధన పెట్టింది, 18కి దించుకునే రిమోట్ మాత్రం మన చేతిలోనే ఉంది. 18 పెట్టి దుప్పటి కప్పుకోవడం అనే విచిత్రానికి కారణం కూడా వాతావరణమేనేమో: చలికాలం మూడు నాలుగు వారాలకు మించి దొరకని చోట, దాన్ని బిల్లు కట్టి కొనుక్కుంటున్నారు.

కొనుక్కోలేనప్పుడు ఇల్లే ఆ పని చేసేది. రాయలసీమలో చౌడు మిద్దెలుండేవి: మందపాటి గోడలు, చిన్న కిటికీలు, పైన మందంగా పరిచిన చౌడు మట్టి. వాన తక్కువ కాబట్టి చదును కప్పు చెల్లింది, పగలు వేడి లోపలికి రావడానికే సాయంత్రమయ్యేది. తీరంలో ఆ ఇల్లు కడితే వానకు నానిపోతుంది. అక్కడ తాటాకు, పెంకు, ఏటవాలు కప్పు, ముందూ వెనకా తలుపులు, గాలి దూసుకుపోయే వసారా. ఒకచోట గాలిని బయట ఆపాలి, ఇంకోచోట లోపలికి పిలవాలి. ఇప్పుడు రెండుచోట్లా ఒకటే స్లాబు. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు, ఆ వేడిని కిందికి దించేది సరిగ్గా మంచమెక్కే వేళకే. పై అంతస్తులో ఉండేవాళ్లకు రాత్రి పదింటికి ఫ్యాన్ వేస్తే వచ్చేది సెగ. ఇందుకే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. కప్పు మీద తెల్లటి పూత వేసి ఎండను వెనక్కి పంపడమే దాని సారం. సున్నం వేసుకునే పల్లెలకు ఈ సంగతి కొత్తేమీ కాదు.

రైతును అడిగితే ‘మంచి క్లైమేట్’ లెక్క పూర్తిగా వేరు. మామిడికి చలికాలం పొడిగా, రాత్రులు చల్లగా ఉండాలి, అప్పుడే పూత నిండుగా వస్తుంది. పూతమీద వానో మంచో పడితే తోట పోయినట్టే. మిర్చి రైతుకు కల్లంలో కాయ ఆరేవరకూ మాడే ఎండ కావాలి, మబ్బు పట్టిందంటే ఎర్రకాయ తాలుకాయ అవుతుంది, యార్డులో రేటు పడిపోతుంది. రోళ్లు పగులుతాయని అందరూ తిట్టుకునే రోహిణి కార్తె వస్తుంటేనే దుక్కులు సిద్ధమవుతాయి. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయని లెక్క. ఈ కార్తెల క్యాలెండరులో హాయికి స్థానం లేదు. ఉన్నదంతా ఎప్పుడు ఎంత ఎండ, ఎప్పుడు ఎంత వాన అనే పని పట్టిక. ఆవకాయ పెట్టే ఇల్లాలిదీ రైతు పక్షమే. బెంగళూరు చల్లదనాన్ని పొగిడే ఇళ్లలోనే వడియాలు ఆరలేదని గొణుగుడూ వినిపిస్తుంది.

దేశం దాటినవాళ్ల సంగతి చూస్తే ఈ ఇష్టాలు ఎంత జారుడువో తెలుస్తుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు చాలామంది ఎండాకాలానికే టికెట్ కొంటారు. మేలో వెళ్లి, చలి ముదిరేలోపు తిరిగొచ్చి “అక్కడ వాతావరణం ఎంత హాయండీ” అంటారు. జనవరిలో డ్రైవ్‌వే మీద మంచు తవ్వే కొడుకు ఆ మాటకు ఏమంటాడో అడగరు. డాలస్‌లో మన ఊరిలాగే ఎండ కాస్తుందని స్థిరపడ్డవాళ్లకు 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు, నీళ్లు రెండూ ఆగిపోయాయి. గల్ఫ్‌కు వెళ్లిన జగిత్యాల, నిజామాబాద్ పిల్లలకైతే ఎంపిక అనే ప్రశ్నే లేదు. ఇంటి దగ్గర పొడి ఎండ, అక్కడ ఎండా ఉక్కా కలిసిన గాలి. ప్రపంచంలో వెట్ బల్బ్ అంకె అత్యధికంగా నమోదయ్యే చోట్లలో ఆ తీరం ఒకటి. అక్కడి ఎమిరేట్స్‌లో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని చట్టం. 3 గంటల ఒక నిమిషానికి మళ్లీ చేతిలో పార ఉంటుంది.

ఇన్ని లెక్కల తర్వాత కూడా, ఇష్టమైన వాతావరణం ఏదంటే ఒక వయసు దాటిన తెలుగువాళ్లు చాలామంది చెప్పేది ఊరి పేరు కాదు, డాబా. సాయంత్రం ఆరింటికి రెండు బకెట్ల నీళ్లు మోసుకెళ్లి స్లాబు మీద చల్లేవారు. మొదటి చెంబుకు నేల చుయ్యిమనేది, మట్టీ సున్నమూ కలిసిన ఆవిరి వాసన లేచేది. రెండో బకెట్‌కు అడుగు పెట్టగలిగేంత చల్లబడేది. తొమ్మిదింటికి నవారు మంచాలు, చాపలు, పక్కన మూత పెట్టిన మరచెంబు, ట్రాన్సిస్టర్. తెల్లవారుజామున మూడింటికి చల్లగాలి తిరిగితే నిద్రలోనే కాళ్లతో దుప్పటి వెతుక్కునేవారు. కుండలో జరిగే పనే అక్కడ డాబా మీద జరిగేది, పొడిగాలి, తడి, ఆకాశం కలిసి. ఇప్పుడు అపార్ట్‌మెంట్ టెర్రస్‌కు తాళం ఉంటుంది, తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీ దగ్గర. పైన నీళ్ల ట్యాంకులు, సోలార్ ప్యానెళ్లు, డిష్ యాంటెనాలు. మంచం వేసే జాగా ఉన్నచోట ఏసీల అవుట్‌డోర్ యూనిట్లు రాత్రంతా వేడిగాలి ఊదుతుంటాయి.